హౌస్ సర్జన్‌ని తొలిసారి నైట్ డ్యూటీలో ఉంచే ముందు: సీనియర్లకు జాగ్రత్తలు

శ్రీకాకుళం పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో రాత్రయినా జనం తగ్గరు. హౌస్ సర్జన్‌కి, అంటే ఎంబీబీఎస్ చివర శిక్షణలో ఉన్న కొత్త డాక్టరుకు, డ్యూటీ అప్పగించే ముందు ఇవి చూసుకోండి.

- తిన్నారా, కాసేపైనా పడుకున్నారా అని అడగండి. పగలంతా వార్డులో నిలబడిన పిల్లను రాత్రికి మళ్లీ వేయకండి.

- నాట్ల రోజుల్లో పాముకాటు కేసులు తప్పవు. పొడి గాజు ట్యూబులో 2 మి.లీ. రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, అప్పుడు వంచి గడ్డకట్టిందా లేదా చూడాలి; కట్టకపోతే విషం రక్తం మీద పనిచేస్తున్నట్టు. సబ్బుతో కడిగిన ట్యూబు, ప్లాస్టిక్ ట్యూబు పనికిరావు. రక్తం గడ్డకట్టినా నిశ్చింత లేదు, నాగుపాము, కట్లపాము కాటులో విషం నరాల మీద పనిచేసి కనురెప్పలు వాలుతాయి. ఈ పరీక్ష నోటితో చెప్పి వదిలేయకండి, మీ ఎదుట ఒకసారి చేయించండి. యాంటీవెనం (పాము విషానికి విరుగుడు) పెట్టే ముందు, అది పడక రియాక్షన్ వస్తే ఇచ్చే అడ్రినలిన్ చేతికందేలా ఉండాలి.

- ఉద్దానం నుంచి ఒళ్లు నొప్పులని వచ్చినవాళ్లకు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా డైక్లోఫినాక్ నొప్పి ఇంజెక్షన్ వద్దు, అది కిడ్నీని ఇంకా దెబ్బతీయొచ్చు. అక్కడి కిడ్నీ జబ్బు సంగతి బయటి జిల్లాల పిల్లలకు అంతగా తెలియదు.

- "గ్యాస్ పట్టేసింది డాక్టరు గారూ" అన్నా 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి, అది గుండెపోటు కావచ్చు.

- పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్స్ వేరే పెట్టెలో ఉండాలి, వేరే మందనుకుని పొరపాటున నేరుగా ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు.

- అన్నిటికన్నా ముఖ్యం ఫోన్. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు రాత్రి 2 గంటలకు ఫోన్ చేస్తే సీనియర్ విసుక్కున్నారు. మళ్లీ చేయడానికి భయమేసి, బీపీ పడిపోతున్న పేషెంట్ పక్కన తెల్లారేదాకా ఒక్కడినే నిలబడ్డాను. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. నంబరు కాగితం మీద రాసి టేబుల్‌కి అంటించండి. "ఎన్నిసార్లయినా చెయ్యమ్మా" అని స్టాఫ్ నర్సు కూడా వినేలా చెప్పండి.