ఇంటి పునాదికి సాయిల్ టెస్ట్: దరఖాస్తు ఎవరికి పెట్టాలి, అందులో ఏం రాయాలి

ఇల్లు కట్టే ముందు మట్టి పరీక్ష చేయించమంటే కొందరు సంచిలో మట్టి వేసుకుని భూసార పరీక్షా కేంద్రానికి వెళ్తారు. అక్కడ చూసేది నత్రజని, భాస్వరం, పొటాష్ లాంటివి. పైరుకు పనికొచ్చే లెక్క అది. ఆ నేల ఎంత బరువు మోస్తుందో అందులో ఉండదు. పునాదికి కావాల్సింది నేల బలాన్ని, గుణాన్ని చూసే జియోటెక్నికల్ పరీక్ష.

దీన్ని ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీల సివిల్ విభాగాల్లో ఫీజు కట్టించుకుని చేస్తారు. వరంగల్ నిట్, ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయం కాలేజీలు అలాంటివే. ప్రైవేటు ల్యాబ్‌కు వెళ్తే ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) సర్టిఫికెట్ చూపించమనండి. ఆ గుర్తింపు మట్టి పరీక్షలకు ఉందా, లేక సిమెంటు, స్టీలు వరకేనా అన్నది కూడా చూడాలి.

కాలేజీకైతే సాధారణంగా సివిల్ విభాగాధిపతి పేరున తెల్లకాగితం మీద ఉత్తరం రాస్తే చాలు. అసలు సంగతి ఆ ఉత్తరంలో ఏం రాస్తామన్నదే. 'మా స్థలంలో మట్టి పరీక్ష చేయగలరు' అని ఒక్క ముక్కతో సరిపెడితే ఒక్క ముక్క రిపోర్టే వస్తుంది. సర్వే నంబరు, ప్లాటు నంబరు, కొలతలతో పాటు ఎన్ని అంతస్తులు వేస్తారో, సెల్లార్ ఉందో లేదో రాయండి. ఇప్పుడు ఒక్క అంతస్తే వేసినా పైన మరో రెండు వేసే ఆలోచన ఉంటే అదీ చెప్పాలి. స్తంభాలు ఎక్కడెక్కడ వస్తాయో చూపే కాలమ్ ప్లాన్ సిద్ధంగా ఉంటే జత చేయండి. స్థలం ఒకప్పుడు చెరువో, కుంటో, పూడ్చిన బావో అయితే దాచొద్దు. వెంచర్ వాళ్లు పైన మొరం పోసి చదును చేశాక కంటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

ఆ తర్వాత ఏమేం కావాలో పేరుపెట్టి అడగండి: 'సురక్షిత భారసామర్థ్యం (నేల ఎంత బరువు భద్రంగా మోస్తుందో), భూగర్భ నీటిమట్టం, నేల ఉబ్బే గుణం, మట్టిలో సల్ఫేట్లు, క్లోరైడ్లు, ఏ రకం పునాది వేయాలన్న సిఫార్సు.' నల్లరేగడి అయితే ఉబ్బే గుణం పరీక్ష వదలొద్దు. ఆరబెట్టి జల్లించిన మట్టి 10 గ్రాముల చొప్పున ఒక గాజు గొట్టంలో నీళ్లలో, ఇంకో దాంట్లో కిరోసిన్‌లో వేసి 24 గంటలు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. ఆ తేడాను శాతంలో చెప్తారు. ఆ అంకె 50 దాటిందంటే మామూలు ఫుటింగుల (స్తంభాల కింద వేసే కాంక్రీటు దిమ్మెల) గురించి ఇంజినీరుతో మళ్లీ మాట్లాడాల్సిందే. అలాంటి నేలల్లో అండర్ రీమ్డ్ పైళ్లు, అంటే నేలలోకి లోతుగా దిగి అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు వేస్తారు. పైపైన నేల ఎండి బీటలిచ్చినా, తడిసి ఉబ్బినా వాటి అడుగు కదలని లోతులో ఉంటుంది.

ల్యాబ్ కొటేషన్ ఇచ్చాక ఫీజు, దానిపై 18 శాతం జీఎస్టీ కట్టాలి. డ్రిల్లింగ్ యంత్రం తెచ్చే ఖర్చు అందులోనే ఉందా, వేరా అని ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. గొడవలన్నీ అక్కడే వస్తాయి.

చిన్న ఇంటికి స్థలం మధ్యలో పరీక్ష కోసం ఒక బోరు గానీ గొయ్యి గానీ సరిపోతుందని భారత ప్రమాణం ఐఎస్ 1892 చెప్తుంది. నాకైతే, పూడిక అనుమానం ఉంటే రెండు తవ్వించడమే మేలనిపిస్తుంది. తవ్వే రోజు దగ్గరుండండి. 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడుతుంటే గొట్టం నేలలోకి దిగుతుంది. మొదటి 15 సెంటీమీటర్లు వదిలేసి, తర్వాతి 30కి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కిస్తారు. నేల ఎంత గట్టిదో చెప్పే ఎన్ విలువ అదే. ఆ అంకెల్ని అక్కడికక్కడే ఫోటో తీసుకుంటే పోయేదేం లేదు.

తెలంగాణలో 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల లోపు ఎత్తు ఇంటికి స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి వస్తుంది. అనుమతి వచ్చింది కదా అని నేల సంగతి ఎవరో చూశారనుకోవద్దు.

రిపోర్టులో భారసామర్థ్యం పక్కన ఎంత లోతుకు, ఎంత వెడల్పు ఫుటింగ్‌కు అన్నది ఉండాలి. అవి లేని అంకె ఎందుకూ కొరగాదు. సంతకం, ముద్ర చూసుకుని స్ట్రక్చరల్ ఇంజినీరుకు ఇచ్చాకే ఫుటింగ్ డ్రాయింగ్ వేయించండి. గోతులు తవ్వాక రిపోర్టులో రాసిన మట్టి కాకుండా వేరేది కనిపిస్తే, బెడ్ కాంక్రీటు (ఫుటింగ్ కింద పరిచే పలుచని కాంక్రీటు పొర) వేయకుండా ఆపి ఇంజినీరును, ల్యాబ్ వాళ్లను పిలవండి.