బడ్జెట్ ఆగితే తప్పు ఎవరిదో తేల్చుకోవడం ఎలా

వర్జీనియాలో మా ఊరి గ్రంథాలయంలో ఆదివారాలు నేను తెలుగు పెద్దలకు అమెరికా పౌరసత్వ పరీక్ష పాఠాలు చెబుతాను. వాషింగ్టన్‌లో బడ్జెట్ ఆగినప్పుడల్లా ఆ గదిలో పాఠం కంటే వాదనే ఎక్కువ నడుస్తుంది. సగం మంది డెమోక్రాట్లది తప్పంటారు, సగం మంది రిపబ్లికన్లదంటారు. ఎవరి ఫోనులో వచ్చిన సందేశం వారు చదివి వినిపిస్తారు. అలాంటి ఒక రోజున, తహసీల్దారు కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విరమించిన ఒక బాబాయి గారు నన్ను అడిగారు: "అదంతా సరేనమ్మా, ఫైలు ఎవరి బల్ల మీద ఆగిందో చెప్పు." ఇంతకంటే మంచి ప్రశ్న నేను వినలేదు. అప్పటి నుంచి తరగతిలో దీన్నే పట్టుకుని వెళ్తున్నాం. ఆ పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, ఆగింది ఏ ఫైలో తెలుసుకోండి. అమెరికాలో బడ్జెట్ పేరుతో మూడు వేర్వేరు కాగితాలు నడుస్తాయి. మొదటిది అధ్యక్షుడు పంపే ప్రతిపాదన. అది కోరిక మాత్రమే. రెండోది బడ్జెట్ తీర్మానం. 1974 నాటి చట్టం ప్రకారం ఉభయ సభలూ (ప్రతినిధుల సభ, సెనేట్) ఏప్రిల్ 15లోగా దీన్ని ఆమోదించుకోవాలి. దీనికి అధ్యక్షుడి సంతకం అక్కర్లేదు, ఇది చట్టం కాదు, ఇది లేకపోయినంత మాత్రాన ఏ కార్యాలయమూ మూతపడదు. మూడోది కేటాయింపుల బిల్లులు. ఇవి పన్నెండు. అక్టోబర్ 1న ఆర్థిక సంవత్సరం మొదలయ్యేలోగా ఇవైనా, వీటి బదులు కొన్నాళ్లకు సరిపడే తాత్కాలిక బిల్లైనా చట్టం కావాలి. కాకపోతే షట్‌డౌన్, అంటే డబ్బు లేక ప్రభుత్వ కార్యాలయాలు మూతపడటం. చట్టం ద్వారా కేటాయించనిదే ఖజానా నుంచి డబ్బు తీయరాదని అమెరికా రాజ్యాంగం చెబుతోంది.

మన పెద్దలు తికమకపడేది ఇక్కడే. లోక్‌సభలో బడ్జెట్ ఓడిపోతే ప్రభుత్వమే దిగిపోవాలి, కాబట్టి బడ్జెట్ బాధ్యత అధికార పక్షానిదే. అమెరికాలో అధ్యక్షుడు, ప్రతినిధుల సభ, సెనేట్ వేర్వేరుగా ఎన్నికవుతాయి. బడ్జెట్ ఆగినా ఎవరి కుర్చీ కదలదు. అందుకే నిందకు అంత తీరిక దొరుకుతుంది.

మరొక సంగతి. 1977 ఆర్థిక సంవత్సరం నుంచి చూస్తే కేటాయింపుల బిల్లులన్నీ గడువులోగా పూర్తయింది నాలుగేసార్లు. చివరిసారి 1996లో. "ఫలానా పార్టీ బడ్జెట్ సమయానికి ఇవ్వలేదు" అని ఎవరైనా పంపితే, అది ఇద్దరికీ వర్తించే మాట అని పక్కన పెట్టేయండి.

ఫైలు పేరు తెలియకుండా నింద నమ్మితే ఏమవుతుందో 2012 చక్కగా చూపిస్తుంది. డెమోక్రాట్ల చేతిలో ఉన్న సెనేట్ 2009 ఏప్రిల్ తర్వాత బడ్జెట్ తీర్మానం ఆమోదించలేదు. 2012 జనవరిలో రిపబ్లికన్లు 'వెయ్యి రోజులుగా బడ్జెట్ లేదు' అని ప్రచారం చేశారు. లెక్క తప్పు కాదు. కానీ విన్నవారికి దేశం వెయ్యి రోజులు పద్దు లేకుండా ఖర్చు చేసిందని తోచింది. అది నిజం కాదు. ఆ కాలమంతా కేటాయింపుల బిల్లులో తాత్కాలిక బిల్లులో చట్టాలవుతూనే ఉన్నాయి. 2011 ఆగస్టులో చేసిన చట్టం ఖర్చుకు పరిమితులు కూడా పెట్టింది. ఆగింది రెండో కాగితం, జనం అనుకున్నది మూడో కాగితం.

డెమోక్రాట్ల జవాబు అంతకంటే బలహీనం. 2012 ఫిబ్రవరిలో శ్వేతసౌధం చీఫ్ ఆఫ్ స్టాఫ్ జాక్ లూ టీవీలో మాట్లాడుతూ, సెనేట్‌లో బడ్జెట్ ఆమోదం పొందాలంటే 60 ఓట్లు కావాలని, రిపబ్లికన్ల మద్దతు లేకుండా కుదరదని అన్నారు. ఆయన అంతకు కొద్ది రోజుల ముందు వరకు శ్వేతసౌధం బడ్జెట్ కార్యాలయానికే అధిపతి. బడ్జెట్ తీర్మానానికి 60 ఓట్లు అక్కర్లేదు. దాని మీద చర్చకు 50 గంటల పరిమితి ఉంది, ఉపన్యాసాలతో సాగదీసి అడ్డుకునే వీలు లేదు, సాధారణ మెజారిటీ చాలు. అప్పుడు డెమోక్రాట్ల పక్షాన 53 మంది ఉన్నారు. తీర్మానం సభకు వస్తే సవరణల మీద ఒకదాని వెంట ఒకటిగా ఓట్లు వేయాలి. పన్నుల మీద, కోతల మీద వేసిన ఆ ఓట్లు ఎన్నికల్లో ఎదురు తిరుగుతాయన్న భయమే వారిని ఆపిందని నేను నమ్ముతున్నాను. 2013 ఫిబ్రవరిలో కొత్త చట్టం వచ్చింది: ఏప్రిల్ 15లోగా తీర్మానం ఆమోదించని సభలో సభ్యుల జీతం నిలిపి ఉంచాలి. మార్చి 23న సెనేట్ 50–49 ఓట్లతో తీర్మానం ఆమోదించింది. నాలుగేళ్లు కుదరదన్నది సాధారణ మెజారిటీతోనే కుదిరింది.

కాబట్టి రెండో ప్రశ్న: దానికి ఎన్ని ఓట్లు కావాలి, ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయి? తీర్మానానికి సెనేట్‌లో మెజారిటీ చాలు. కేటాయింపుల బిల్లులో, తాత్కాలిక బిల్లులో అయితే చర్చ ముగించడానికే 60 మంది ఒప్పుకోవాలి. ఈ తేడా తెలిస్తే సగం సందేశాలు అక్కడికక్కడే తేలిపోతాయి.

2025 అక్టోబర్ 1న మొదలై 43 రోజులు సాగిన షట్‌డౌన్‌ను ఈ ప్రశ్నతో చూడండి. "శ్వేతసౌధం, ఉభయ సభలు మూడూ రిపబ్లికన్లవే, తప్పు ఇంకెవరిది?" అన్నారు డెమోక్రాట్లు. సెనేట్‌లో రిపబ్లికన్లు 53 మందే, కావలసింది 60. అందుకే ఆ మాట సగమే నిజం. "ఏ షరతూ లేని తాత్కాలిక బిల్లును ప్రతినిధుల సభ 217–212తో పంపింది, డెమోక్రాట్లు అడ్డుపడ్డారు" అన్నారు రిపబ్లికన్లు. సెప్టెంబర్ 30న ఆ బిల్లుకు 55–45 వచ్చి, 60కి చేరక ఆగిన మాట నిజమే. అయితే ఏడు ఓట్లు ఎదుటి పక్షం నుంచి రావాలని ముందే తెలిసినవారు, ఆ ఏడు ఓట్ల కోసం ఏమి ఇవ్వజూపారో కూడా చెప్పాలి కదా. ఆ మాట వారి ప్రకటనల్లో ఉండదు.

ఇక మూడో ప్రశ్న, నా దృష్టిలో అన్నిటికంటే పదునైనది: ఖర్చు బిల్లుకు వేరే కోరికను ముడిపెట్టింది ఎవరు? దాన్ని అడిగాక, పార్టీల పేర్లు తారుమారు చేసి మళ్లీ అడగండి. 2025లో డెమోక్రాట్లు, ఆ ఏడాది చివర ముగియబోతున్న ఆరోగ్య బీమా రాయితీలను పొడిగిస్తేనే ఓటు వేస్తామన్నారు. 2013లో రిపబ్లికన్ల చేతిలో ఉన్న ప్రతినిధుల సభ, ఒబామా ఆరోగ్య చట్టానికి డబ్బు ఆపితేనే ఖర్చుకు ఒప్పుకుంటామంది. ప్రభుత్వం 16 రోజులు మూతపడింది. కోరిక మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. లక్షల మంది జీతాన్ని దానికి తాకట్టు పెట్టవచ్చా అన్నది ఇక్కడి ప్రశ్న. 2013లో పెట్టకూడదని అన్నవారు 2025లో ఏమన్నారు? అప్పుడు సమర్థించినవారు ఇప్పుడేమంటున్నారు? మా తరగతిలో ఈ ప్రశ్న అడిగిన రోజు గది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. తర్వాత ఒక పెద్దమ్మ గారు, రాయితీ పోతే తన కోడలి బీమా ఖర్చు పెరుగుతుందని, అందుకే ఈసారి ముడిపెట్టడం సబబేనని చెప్పారు. నేను ఆమెతో ఏకీభవించలేదు. కానీ ఆమె తన కారణాన్ని దాచుకోలేదు. అలాంటి వాదన ముందుకు సాగుతుంది.

ఓటుకే రాని ఫైళ్లను వెతకడం కొంచెం కష్టం, కానీ అసలు విషయం చాలాసార్లు అక్కడే ఉంటుంది. 2018 డిసెంబర్ 22న మొదలై 35 రోజులు నడిచిన షట్‌డౌన్‌ను తీసుకోండి. అంతకు మూడు రోజుల ముందు రిపబ్లికన్ల చేతిలోని సెనేట్ తాత్కాలిక బిల్లును మూజువాణి ఓటుతో ఆమోదించింది. సరిహద్దు గోడకు డబ్బు లేని బిల్లుపై సంతకం చేయనని అధ్యక్షుడు ట్రంప్ అనడంతో, ప్రతినిధుల సభ 570 కోట్ల డాలర్లు చేర్చి మరో బిల్లు పంపింది. సరిహద్దు భద్రత కోసం ప్రభుత్వాన్ని మూయడానికి గర్విస్తానని, ఆ బాధ్యత తనదేనని ట్రంప్ డిసెంబర్ 11న కెమెరాల ముందే చెప్పి ఉన్నారు. జనవరిలో కొత్తగా ఏర్పడిన ప్రతినిధుల సభ కార్యాలయాలు తెరిచే బిల్లులు ఆమోదించి పంపితే, అధ్యక్షుడు సంతకం చేయనివాటిని సభ ముందు పెట్టనని సెనేట్ మెజారిటీ నాయకుడు మెక్‌కానెల్ అన్నారు. ఓటింగే జరగలేదు కాబట్టి ఏ సభ్యుడి పేరు మీదా 'వ్యతిరేకం' అని పడలేదు. ఎవరు ఎలా ఓటు వేశారో చూపే పట్టిక మాత్రమే చూసేవారికి ఈ ఫైలు కనిపించదు. జనవరి 24న రెండు ప్రతిపాదనలు ఓటుకు వచ్చి రెండూ ఓడాయి. మర్నాడే షట్‌డౌన్ ముగిసింది. ఆ 35 రోజుల భారంలో ఎక్కువ పాలు శ్వేతసౌధానిదని, తర్వాతి పాలు ఓటు జరగనివ్వని సెనేట్ నాయకత్వానిదని నా నిర్ణయం. 2025లో కూడా ఈ కోణం ఉంది: ప్రతినిధుల సభ సెప్టెంబర్ 19న ఓటు వేశాక నవంబర్ 12 దాకా మళ్లీ ఓటింగ్‌కు సమావేశం కాలేదు.

ఓటింగ్ పట్టికలు సెనేట్ వెబ్‌సైట్‌లోనూ, ప్రతినిధుల సభ క్లర్కు కార్యాలయం వెబ్‌సైట్‌లోనూ ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. బిల్లు నంబరు, తేదీ ఉంటే చాలు. ఒక జాగ్రత్త: చర్చ ముగింపు ఓటు ఓడిపోతున్నప్పుడు మెజారిటీ నాయకుడు తన బిల్లుకే వ్యతిరేకంగా ఓటు వేయడం చూస్తారు. గెలిచిన వైపు ఓటు వేసినవారే మళ్లీ ఓటింగ్ కోరగలరన్న నియమం వల్ల అలా చేస్తారు. 2018 జనవరి 19న 50–49తో ఓటు ఓడిన రాత్రి మెక్‌కానెల్ అదే చేశారు. 'నాయకుడే వ్యతిరేకించాడు' అన్న సందేశం చూస్తే నమ్మకండి. అదే పట్టికలో ఐదుగురు డెమోక్రాట్లు అనుకూలంగా, కొందరు రిపబ్లికన్లు వ్యతిరేకంగా ఓటు వేసినట్టు కనిపిస్తుంది. 'డెమోక్రాట్లు ఆపారు', 'రిపబ్లికన్లు ఆపారు' అని పార్టీ మొత్తాన్ని కట్టగట్టే ముందు ఆ పేర్లు చదవండి.

ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉందని కూడా దేన్నీ నమ్మకండి. 2025లో కొన్ని శాఖల వెబ్‌సైట్లే డెమోక్రాట్లను నిందించే ప్రకటనలు పెట్టాయి. విద్యాశాఖలో ఇంటికి పంపిన ఉద్యోగుల ఈమెయిల్ స్వయం జవాబుల్లో ఆ నింద చేర్చారు. అది ఉద్యోగుల భావప్రకటన హక్కుకు భంగమని ఆ నవంబరులో ఫెడరల్ న్యాయమూర్తి తీర్పునిచ్చారు.

నష్టం గురించి వచ్చే అంకెల్లో పెద్దవాటి మీద నాకు నమ్మకం తక్కువ. కాంగ్రెస్‌కే చెందిన, ఏ పార్టీకీ చెందని బడ్జెట్ కార్యాలయం 2018–19 నాటి ఆ 35 రోజుల షట్‌డౌన్ వల్ల 1,100 కోట్ల డాలర్ల ఉత్పత్తి తగ్గిందని, అందులో 300 కోట్లు ఎప్పటికీ తిరిగిరావని అంచనా వేసింది. మీకు వచ్చిన అంకెను దానితో పోల్చి చూడండి. ఫెడరల్ ఉద్యోగులకు ఆగిన జీతం తర్వాత ఇవ్వాలని 2019 జనవరిలో చట్టం చేశారు. అదే భవనాలు ఊడ్చే, కాపలా కాసే కాంట్రాక్టు మనుషులకు ఆ చట్టం వర్తించదు. నిందల పోరులో వీరి పేరు ఎత్తేవారు అరుదు, నాకు కోపం వచ్చేది అందుకే.

ఇవన్నీ చూశాక, సందేశాన్ని పంపే ముందు దాన్ని ఒక్క వాక్యంగా తిరగరాయమని తరగతిలో చెబుతాను: ఏ తేదీన, ఏ బిల్లు మీద, ఎన్ని ఓట్లు కావలసి ఉండగా, ఎవరు ఏమి కోరి ఆపారు. రాయలేకపోతే పంపవద్దు. రాయగలిగితే మీ ప్రాంత ప్రతినిధి కార్యాలయానికి ఫోను చేసి ఆ వాక్యమే చదవండి. పౌరసత్వం ఇంకా రాకపోయినా ఫోను చేయవచ్చు, మీరు ఉండే ప్రాంతం చెబితే చాలు. పార్టీ గురించి అడగవద్దు. "ఆ రోజు మీ సభ్యుడు ఎలా ఓటు వేశారు, ఎందుకు?" అని అడిగి, జవాబు రాతపూర్వకంగా పంపమనండి.