నడుం నొప్పితో ట్రయథ్లాన్ సైకిల్: నాకు కుదిరింది ఇదీ

ట్రయథ్లాన్ అంటే ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి. నాకు సైకిల్ 40 నిమిషాలు తొక్కగానే నడుం కింద పట్టేసేది. దిగి పరుగెత్తబోతే వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయేవాణ్ణి. సీటు మార్చా, బెల్టు కట్టా, మోచేతులు ఆనించి వంగి తొక్కే ఏరోబార్లు బిగించి పీకేశా. అన్నీ దండగే.

చివరికి బాగా ముందుకు వంగి తొక్కే ట్రయథ్లాన్ బైక్ మోజు వదిలి, హ్యాండిల్ ఎత్తుగా ఉండే ఎండ్యూరెన్స్ రోడ్ బైక్ (దూరాలు సుఖంగా తొక్కే సైకిల్) కొన్నా. ముందు సీటును 8 మి.మీ. దించా, తొక్కేటప్పుడు తుంటి అటూఇటూ ఊగడం అక్కడ ఆగింది. తర్వాత సీటు ముక్కు 2 డిగ్రీలు కిందికి వంచా. ఆపైన హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే స్టెమ్ 100 నుంచి 80 మి.మీ.కి మార్చి, హ్యాండిల్ ఎత్తు పెరిగేలా స్పేసర్లన్నీ (చిన్న రింగులు) దాని కిందే పెట్టించా. ఒక్కో మార్పుకీ వారం ఆగా. అన్నీ ఒకేసారి తిప్పితే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) సోలార్ సైకిల్ ట్రాక్ మీద, ఒలింపిక్ దూరం ట్రయథ్లాన్‌లో సైకిల్ వంతైన 40 కి.మీ. ఆగకుండా లాగిస్తున్నా. తక్కువ వంగి తొక్కుతాను కాబట్టి ఎదురుగాలికి కొన్ని నిమిషాలు పోతాయి, పోనీ. నాది ఉత్త కండరాల పట్టేనని ఫిజియో అన్నారు. కాల్లోకి జివ్వున లాగే నొప్పికి ఇది పనికొస్తుందని మాత్రం చెప్పలేను.