పెట్రోలు ముల్లు తప్పు చూపుతుంటే

పాత కారు కొన్నవారు పెట్రోలు ముల్లు తేడాగా కనబడగానే మీటరు మార్చాలంటూ బయలుదేరతారు. నేనైతే ముందుగా వెనక సీటు ఎత్తుతాను. చాలా కార్లలో ట్యాంకు మీది కనెక్టర్ అక్కడే దొరుకుతుంది. పెట్రోలు వాసన గుప్పుమంటే మాత్రం పని మొదలుపెట్టవద్దు.

మొదట ఎర్త్ తీగ చూడండి. స్క్రూ దగ్గర పచ్చగా చిలుము పట్టి ఉంటే గరుకు కాగితంతో రుద్దండి. సగం రోగాలు అక్కడే కుదురుతాయి. తర్వాత కనెక్టర్ ఊడదీసి తాళం తిప్పితే ముల్లు ఒక కొసకు పోవాలి; సిగ్నల్ తీగను (ట్యాంకు నుంచి మీటరుకు పోయేది) ఎర్త్‌కు తాకిస్తే రెండో కొసకు రావాలి. వస్తే మీటరు నిర్దోషి. ఇది పాత మోడళ్ల పద్ధతి. కంప్యూటర్‌తో నడిచే మీటరైతే తీగల జోలికి పోకుండా స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాలు చదివే పరికరం) పెట్టించండి.

ఇక మిగిలింది ఫ్లోటు, అంటే ట్యాంకులో పెట్రోలు మీద తేలే బుడ్డి, దాని కడ్డీ. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాకే దాన్ని బయటికి తీయండి. మల్టీమీటర్‌ను ఓమ్‌లలో (నిరోధం కొలిచేలా) పెట్టి ఫ్లోటు కడ్డీని మెల్లగా ఎత్తితే అంకె సాఫీగా మారాలి. ఒకచోట గంతు వేసిందంటే ఆ చోట కడ్డీ జారే నిరోధకపు పట్టీ అరిగింది. ఫ్లోటును చెవి దగ్గర ఊపి చూడండి: లోపల పెట్రోలు గలగలమంటే అది మునుగుతోంది, అందుకే ట్యాంకు నింపినా ముల్లు లేవదు.