తెలియని కోణం: ముందు సంబంధం, తర్వాతే ఎక్స్

పటం కనిపించగానే సమీకరణం రాయబోయే పిల్లల చేతిలోంచి ముందు పెన్ను తీసేసుకుంటాను. ఈ రెండు కోణాలకూ సంబంధం ఏమిటో నోటితో చెప్పాకే తిరిగిస్తాను. సమానమా? కలిపితే 180 డిగ్రీలా? అది తేలితే మిగిలేవి కూడికలూ తీసివేతలే.

రెండు సరళరేఖలు ఖండించుకున్నాయనుకోండి. ఒక కోణం 3ఎక్స్ + 10, దానికి ఎదురుగా ఉన్నది 5ఎక్స్ − 30. ఇవి శీర్షాభిముఖ కోణాలు, కాబట్టి సమానం.

3ఎక్స్ + 10 = 5ఎక్స్ − 30

ఎక్స్‌లన్నీ ఒకవైపు, అంకెలు మరోవైపు చేరిస్తే 2ఎక్స్ = 40, ఎక్స్ = 20. అక్కడే ఆగిపోయేవాళ్లు చాలామంది. అడిగింది కోణాన్ని కదా! 20 ప్రతిక్షేపిస్తే రెండూ 70 డిగ్రీలు. పక్కనున్నవి 110 చొప్పున.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ఇవే కోణాలను రేఖీయ ద్వయం (ఒకే సరళరేఖపై పక్కపక్కనున్న రెండు కోణాలు) అనుకుని, కలిపితే 180 అని రాస్తే ఎక్స్ = 25 వస్తుంది. భిన్నం లేదు, మైనస్ లేదు, లెక్క శుభ్రంగా తెగింది! సరిచూద్దామని అదే సమీకరణంలో పెడితే 85 + 95 = 180, అక్కడా తప్పు దొరకదు. పటంలో రాసి చూస్తేనే బయటపడుతుంది: ఎదురెదురు కోణాల్లో ఒకటి 85, ఇంకోటి 95 ఎలా అవుతాయి? అందుకే సరిచూసుకోవడం ఎప్పుడూ పటంలోనే.

సమాంతర రేఖలను తిర్యగ్రేఖ ఖండించినా ఇదే పద్ధతి. ఏకాంతర కోణాలు (రెండు సమాంతర రేఖల మధ్య, ఒక్కో రేఖ దగ్గర ఒకటిగా, తిర్యగ్రేఖకు చెరోవైపున ఉన్నవి) సమానం, తిర్యగ్రేఖకు ఒకే వైపున్న అంతర కోణాల మొత్తం 180.

ఎక్స్ ఇవ్వని లెక్కలంటేనే పిల్లలకు టెన్షన్. అప్పుడు మనమే పెట్టుకోవాలి. నేనైతే చిన్న కోణాన్నే ఎక్స్ అంటాను, మైనస్‌ల బెడద తగ్గుతుంది. సమద్విబాహు త్రిభుజంలో శీర్షకోణం ఒక్కో భూకోణం కంటే 30 ఎక్కువ అన్నారనుకోండి. భూకోణాలు రెండూ సమానం, త్రిభుజంలో మూడు కోణాల మొత్తం 180. కాబట్టి ఎక్స్ + ఎక్స్ + (ఎక్స్ + 30) = 180. ఎక్స్ = 50, కోణాలు 50, 50, 80.

మరో సమద్విబాహు త్రిభుజంలో 'ఒక కోణం మరోదానికి రెట్టింపు' అని మాత్రమే ఇస్తే తొందరపడకండి. రెట్టింపు కోణం ఒక్కటే అయితే 4ఎక్స్ = 180, కోణాలు 45, 45, 90. రెట్టింపువి రెండైతే 5ఎక్స్ = 180, కోణాలు 36, 72, 72. రెండూ సరైనవే, రెండూ రాయాలి.