పాత అమెరికన్ నేవీ బ్యాడ్జీ ఏ కాలానిదో కనిపెట్టడం

అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని నార్‌ఫోక్ చుట్టుపక్కల శనివారం పొద్దున్నే ఎస్టేట్ సేల్స్ (ఇంట్లోని సామానంతా అక్కడే అమ్మకానికి పెట్టడం) తిరిగితే, ఏదో ఒక ఇంట్లో నేవీ సామాను కనబడకుండా ఉండదు. అంత పెద్ద నావికా స్థావరం పక్కనే ఉన్న ఊరు మరి. నేను పెరిగింది విశాఖపట్నం మల్కాపురంలో. నాన్న డాక్‌యార్డ్‌లో ఫిట్టర్. వీధిలో పోయే నేవీ వాళ్ల చేతి మీద లంగరు గుర్తులు చూసి, ఒక లంగరైతే ఎవరు, జంట లంగర్లైతే ఎవరు అని పందేలు వేసుకునేవాళ్లం. వర్జీనియా వచ్చాక ఒక ముసలావిడ ఇంట్లో గుండీల డబ్బా అడుగున ఎర్ర గీతలు, తెల్ల గద్ద ఉన్న గుడ్డ ముక్క దొరికింది. అప్పటి నుంచి ఇదే పిచ్చి.

మొదట్లో బాగానే మోసపోయాను. సబ్‌మెరైన్ వాళ్ల డాల్ఫిన్ ప్యాచ్ ఒకటి, రెండో ప్రపంచ యుద్ధం నాటిదని చెబితే నమ్మి కొన్నాను. ఇంటికొచ్చి లైటు తీసేసి యూవీ (అతినీలలోహిత) టార్చి వేశాను. ట్యూబ్‌లైట్‌లా వెలిగింది. ఎందుకు వెలిగిందో తర్వాత చెబుతాను.

దొరికింది ఏ రకం బ్యాడ్జీయో ముందు తేల్చుకోండి. పైన గద్ద, మధ్యలో పని గుర్తు, కింద వి ఆకారపు గీతలు ఉంటే అది పెట్టీ ఆఫీసర్ (మామూలు నావికుడికి పైన, ఆఫీసర్లకు కింద ఉండే హోదా) రేటింగ్ బ్యాడ్జీ. రేటింగ్ అంటే నావికుడు చేసే పని. ఈ పద్ధతి 1886లో మొదలైంది. గీత ఒకటైతే థర్డ్ క్లాస్, రెండైతే సెకండ్, మూడైతే ఫస్ట్. మూడు గీతల మీద విల్లులా వంపు ఉండి, దాని మీద గద్ద కూర్చుంటే చీఫ్, అంటే చీఫ్ పెట్టీ ఆఫీసర్. చీఫ్ అనే హోదా వచ్చింది 1893లో. గద్ద నెత్తిన నక్షత్రం కనబడితే సీనియర్ చీఫ్, రెండుంటే మాస్టర్ చీఫ్. ఆ హోదాలు 1958లో గానీ పుట్టలేదు. కాబట్టి నక్షత్రం ఉన్నదాన్ని ఎవరైనా యుద్ధకాలం నాటిదంటే నవ్వి పక్కకు తప్పుకోండి. గద్దా గీతలూ ఏవీ లేకుండా గుర్తు ఒక్కటే ఉంటే, అది అదనపు అర్హత గుర్తో, ఇంకా పెట్టీ ఆఫీసర్ కాని నావికుడిదో అయి ఉంటుంది.

అన్నట్టు ఆ గద్దను నావికులు ‘క్రో’ అంటారు, అంటే కాకి.

ఇప్పుడు ఆ కాకి ఎటు చూస్తోందో చూడండి. నేను అన్నిటికంటే ముందు చూసేది ఇదే. బ్యాడ్జీని బల్ల మీద పెట్టుకుంటే ముక్కు మీ కుడివైపుకి ఉందా, ఎడమవైపుకా? 1913 నుంచి 1949 దాకా డెక్ మీద పనిచేసే సీమన్ బ్రాంచి వాళ్లు బ్యాడ్జీని కుడి చేతికి కుట్టించుకునేవాళ్లు. బోట్‌స్వైన్స్ మేట్, గన్నర్స్ మేట్, క్వార్టర్‌మాస్టర్, సిగ్నల్‌మన్, టార్పీడోమన్ లాంటి వాళ్లన్నమాట. మిగతావాళ్లందరిదీ ఎడమ చెయ్యి. మొదట ఏ చేతి బ్యాడ్జీ మీదైనా గద్ద ఒకే వైపు, మనకు కుడివైపుగా, చూసేది. దాంతో ఎడమ చేతికి పెట్టుకున్నవాళ్ల గద్ద వాళ్ల వీపు వైపు చూస్తున్నట్టు ఉండేది. 1941 నిబంధనల్లో దాన్ని సరిచేసి, ఏ చేతి మీదున్నా గద్ద ముందుకే చూడాలన్నారు. 1949లో కుడి చేతి పద్ధతే ఎత్తేశారు. అప్పటి నుంచి అందరిదీ ఎడమ చెయ్యే, గద్ద మనకు ఎడమవైపే.

దీన్ని ఇలా వాడుకోవాలి. జంట లంగర్లున్న బోట్‌స్వైన్స్ మేట్ బ్యాడ్జీలో గద్ద కుడివైపు చూస్తుంటే అది 1949కి ఇవతలిది కాదు. ఎడమవైపు చూస్తుంటే 1949 తర్వాతిది. వంటవాడిదో గుమాస్తాదో అయిన ఎడమ చేతి బ్యాడ్జీలో గద్ద కుడివైపు చూస్తుంటే 1941కి ముందుదని ఆశ పెట్టుకోవచ్చు. ఆశ అని ఎందుకన్నానంటే, నిబంధన మారిన రోజునే ఎవరూ చొక్కాలు పారేయరు. పాత సరుకు కొట్లలో అయిపోయేదాకా నడుస్తుంది. అటూ ఇటూ ఒకటి రెండేళ్లు వదిలేయండి.

ఆ తర్వాత మధ్యలోని పని గుర్తు. ఇక్కడ గుర్తుపెట్టుకోవలసిన సంవత్సరం 1948. ఆ ఏడు నేవీ ఉద్యోగాల జాబితా మొత్తాన్ని కదిపి కొత్తగా పేర్చారు. గుండీల డబ్బాలో నాకు దొరికింది ఇందుకు మంచి ఉదాహరణ. ముదురు నీలం ఉన్ని గుడ్డ, రెండు ఎర్ర గీతలు, మధ్యలో ఎర్ర శిలువ. అది ఫార్మసిస్ట్స్ మేట్ గుర్తు, అంటే వైద్యం చూసే నావికుడు. 1948లో ఆ పేరు హాస్పిటల్ కోర్‌మన్ అయింది, శిలువ పోయి పాములు చుట్టుకున్న దండం వచ్చింది. కాబట్టి నా ముక్క 1948 తర్వాతిది కాదు. ఎడమ చేతి బ్యాడ్జీ, గద్ద చూసేది ఎడమవైపు, కాబట్టి 1941కి ముందుదీ కాదు. ఏడేళ్ల ఇరుకు సందులోకి వచ్చేశాం, ఇంకా గుడ్డ కూడా తిప్పి చూడకుండానే.

ఇంతే తేలిగ్గా దొరికిపోయేవి డైమండ్ ఆకారంలో ఇంగ్లీషు అక్షరం ఉన్నవి. వాటిని స్పెషలిస్ట్ రేటింగ్స్ అంటారు. యుద్ధం కోసం 1942లో పుట్టి, 1948 మార్పుల్లో చాలావరకు పోయాయి. ఎస్ అంటే షోర్ పెట్రోల్ (ఒడ్డు మీద నావికుల్ని అదుపులో పెట్టే నేవీ పోలీసు), టి అంటే టీచర్, ఎం అంటే తపాలా గుమాస్తా, డబ్ల్యు అంటే చాప్లిన్ (నేవీలోని మతగురువు) సహాయకుడు. ఐ అంటే పంచ్ కార్డు మెషీన్ల ఆపరేటర్. మా ఐటీ వాళ్లకి తాత లాంటివాడు కదా, అందుకే దానికోసం ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను.

నెలవంక గుర్తు కనబడితే కొంచెం ఆగండి. అది వంటవాళ్లదీ స్టీవార్డులదీ. అప్పట్లో ఆఫీసర్ల భోజనశాలలో పనిచేసిన నల్లజాతి, ఫిలిపినో, గువామ్ మనుషులకు వి గీతలు ఇవ్వలేదు. నెలవంక కింద అడ్డంగా గీతలు కుట్టేవాళ్లు. చేతిలో పట్టుకుంటే ఆ అడ్డగీతలు ఏం చెబుతున్నాయో అర్థమవుతుంది.

రంగు సంగతి. మామూలుగా గీతలు ఎరుపు. బంగారు రంగులో ఉంటే, అప్పటి నిబంధనల ప్రకారం పన్నెండేళ్లు మచ్చలేని సర్వీసు చేసినవాడు. చీఫ్‌ల బ్యాడ్జీల్లో వెండి తీగతో కుట్టిన గద్ద ఉంటుంది. మన జాకెట్ల మీద జర్దోసీ పని చూసినవాళ్లకి ఆ తీగ చుట్టలు కొత్తేమీ కాదు. బూడిద రంగు గుడ్డ మీద చీఫ్ బ్యాడ్జీ దొరికిందా, పండగే. ఆ బూడిద యూనిఫాం నడిచింది 1943 నుంచి 1949 దాకా మాత్రమే.

ఇక తిప్పి వెనకవైపు చూడండి. పాతవాటిలో ఎర్ర గీతలు చాలావరకు విడిగా కత్తిరించిన ఫెల్ట్ ముక్కలు, అంచు వెంబడి కుట్టి ఉంటాయి. వెనక తెల్ల దారాల గజిబిజి మామూలే. నున్నగా ప్లాస్టిక్ పొర, ఇస్త్రీ పెడితే అంటుకునే జిగురు ఉంటే అది పాతది కాదు. చొక్కా నుంచి ఊడదీసిన ముక్కకి అంచు చుట్టూ సూది రంధ్రాలు, ఒకటి రెండు తెగిన పోగులు ఉంటాయి. నా ఫార్మసిస్ట్ ముక్కకి ఒక మూల పురుగు కొరికిన చిల్లు కూడా ఉంది. ఉన్ని అనడానికి అదొక సాక్ష్యం, పాలిస్టర్ జోలికి పురుగు పోదు. ఇంకా అనుమానముంటే వెనక ఊగుతున్న ఒకే ఒక్క పోగు లాగి వెలిగించండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన, పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూస.

యూవీ టార్చి ఆఖరున. తెల్ల దారాలు తెల్లగా మెరవడానికి కలిపే రసాయనాలు విరివిగా వాడకంలోకి వచ్చింది యుద్ధం తర్వాతే. అవి యూవీకి నీలంగా వెలుగుతాయి. అయితే పాత ముక్కను ఈ కాలపు సర్ఫులో ఉతికినా అలాగే వెలుగుతుంది. నా డాల్ఫిన్ ప్యాచ్ విషయంలో సందేహానికి చోటే లేదు, వెనక జిగురు పొర కూడా ఉంది. మొదటే తిప్పి చూసి ఉంటే డబ్బులు మిగిలేవి. నావికుల డాల్ఫిన్ గుర్తు 1924 నుంచి 1947 దాకా కుడి చేతి మీద కుట్టించుకునేది, తర్వాత ఛాతీ మీదికి వచ్చింది. చొక్కాతో సహా దొరికితే ఆ చోటు చూసే కాలం చెప్పొచ్చు.

వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా నమ్మకండి. బ్యాడ్జీ వయసు తేల్చేది అందులో అన్నిటికన్నా కొత్తగా ఉన్న వస్తువే. గద్ద 1930ల నాటిదిలా ఉండి, దారం పాలిస్టర్ అయితే దారం మాటే చెల్లుతుంది.

ఉతకకండి, ఇస్త్రీ చేయకండి. ఉన్నిదైతే జిప్ కవర్లో పెట్టి కొన్నాళ్లు ఫ్రీజర్లో ఉంచండి, పురుగు చస్తుంది. మా ఆవిడ ఇడ్లీ పిండి పక్కన గద్దను చూసి ఇప్పటికీ విసుక్కుంటుంది. తర్వాత పెన్సిల్‌తో చిన్న చీటీ రాసి పక్కన పెట్టండి, ఒకే ఒక్క సంవత్సరం మాత్రం రాయొద్దు. నా చీటీలో ఇలా ఉంది: ఫార్మసిస్ట్స్ మేట్ సెకండ్ క్లాస్, నీలం ఉన్ని, 1941–1948, గుండీల డబ్బా.