ఆస్ట్రేలియా చైల్డ్‌కేర్ సెంటర్లో రికన్సిలియేషన్ పని ఎలా మొదలుపెట్టాలి?

మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో చైల్డ్‌కేర్ కోర్సు చేసి సెంటర్లలో పనిచేస్తున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. చేరిన కొత్తలోనే వాళ్ల చెవిన పడే మాట ‘రికన్సిలియేషన్’. ఆస్ట్రేలియా మూలవాసులైన అబోరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ద్వీపవాసులకు జరిగిన అన్యాయాన్ని ఒప్పుకుని, వాళ్లతో సంబంధాలు సరిచేసుకునే ప్రయత్నం అది. ‘మనం నిన్నగాక మొన్న వచ్చినవాళ్లం, మనకెందుకు?’ అనిపించవచ్చు. కానీ 2022లో సవరించిన జాతీయ బోధనా ప్రణాళిక ఈ ప్రజల దృక్పథాన్ని తన మూలసూత్రాల్లో ఒకటిగా పెట్టింది. కాబట్టి ఎడ్యుకేటర్‌గా ఇది మీ ఉద్యోగంలో భాగమే.

1. మీ సెంటర్ ఎవరి నేల మీద ఉందో తెలుసుకోండి. ఈ దేశంలో 250కి పైగా భాషలు ఉండేవి. ‘అబోరిజినల్ సంస్కృతి’ అంటూ అందరికీ ఒకటే లేదు. పారమాటా వైపు డారుగ్ ప్రజలు, సిడ్నీ నగరం నడిబొడ్డున గాడిగల్, అడిలైడ్‌లో కౌర్నా, పెర్త్‌లో వాజుక్ నూంగార్. మెల్‌బోర్న్‌లో పేటను బట్టి మారుతుంది, మీ కౌన్సిల్ వెబ్‌సైట్ చూడండి. పేరు ఎలా పలకాలో వాళ్ల నోటనే విని నేర్చుకోండి.

2. పిల్లలకు చెప్పే ముందు మీరు చరిత్ర చదవండి. సుమారు 1910 నుంచి 1970ల దాకా ప్రభుత్వాలు, చర్చి సంస్థలు అబోరిజినల్ పిల్లలను తల్లిదండ్రుల దగ్గర్నుంచి లాక్కెళ్లాయి. ఆ తరాలనే ‘స్టోలెన్ జెనరేషన్స్’ అంటారు. దీనిపై జాతీయ విచారణ నివేదిక 1997 మే 26న పార్లమెంటు ముందుకొచ్చింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ క్షమాపణ చెప్పారు. ఇది మన పనికి నేరుగా తగిలే విషయం. పిల్లల సంరక్షణ పేరుతోనే పిల్లలను తీసుకుపోయిన అనుభవం ఉన్న కుటుంబానికి మన ఫారాలు, ప్రశ్నలు, పిల్లవాడి గురించి మనం రాసుకునే నోట్సు మామూలుగా అనిపించకపోవచ్చు. ఏది ఎందుకు అడుగుతున్నారో ముందే చెప్పండి. వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా ఇంటి సంగతులు తవ్వకండి. ఆ పిల్లవాణ్ణి నిలబెట్టి ‘మీ కల్చర్ గురించి చెప్పు’ అనడం అసలే వద్దు.

3. అక్నాలెడ్జ్‌మెంట్‌ను చిలకపలుకులు కానివ్వకండి. ఈ నేల అసలు హక్కుదారులను తలచుకునే ఆ నాలుగు మాటలు ఎవరైనా చెప్పవచ్చు. తమ నేలకు వచ్చినవాళ్లకు స్వాగతం పలికే ‘వెల్‌కమ్ టు కంట్రీ’ మాత్రం ఆ నేలకు చెందినవాళ్లే చెప్పాలి. గోడకు అంటించిన పేరా చదివించే బదులు, పిల్లలనే అడగండి: ఈ నేలను మనం ఎలా చూసుకుందాం? చెట్టుకు నీళ్లు పోస్తామంటారు, చీమల్ని తొక్కం అంటారు. ఆ మాటలనే కలిపి రాయండి.

4. చుక్కల బొమ్మలు పక్కన పెట్టండి. ఇయర్‌బడ్‌తో చుక్కలు పెట్టించి ‘అబోరిజినల్ ఆర్ట్’ అని గోడకెక్కించడం ఇప్పటికీ చాలాచోట్ల కనిపిస్తుంది. నాకైతే అది పని తప్పించుకునే దారి. ఆ శైలి మధ్య ఆస్ట్రేలియా ఎడారి ప్రజలది, అందులో ఎవరి కథను వాళ్లే గీయాలన్న నియమాలున్నాయి. అంతకంటే రుతువులు పట్టుకోండి. పెర్త్ ప్రాంతపు నూంగార్ ప్రజలకు మనలాగే ఏడాదికి 6 రుతువులు: బిరాక్, బునురు, జెరాన్, మకురు, జిల్బా, కంబరాంగ్. డిసెంబరు, జనవరి ఎండలు బిరాక్. జూన్, జూలై చలివానలు మకురు. పూలు విరగబూసే అక్టోబరు, నవంబరు కంబరాంగ్. పిల్లలు రోజూ అదే చెట్టు దగ్గరకెళ్లి ఏం రాలింది, ఏం పూసింది, ఏ పిట్ట వచ్చిందో చూస్తే ఏడాది పొడుగునా పాఠమే. మెల్‌బోర్న్‌లో ఉంటే ఈ పేర్లు అక్కడ అతికించకండి, అక్కడివాళ్ల రుతువులు వేరు.

5. ఆ సముదాయపు పెద్దలను సెంటర్‌కు పిలవండి, డబ్బు ఇవ్వండి. వాళ్ల జ్ఞానానికి ఫీజు ఉంటుంది, బడ్జెట్‌లో ముందే రాయించండి. అంకుల్, ఆంటీ అనేవి అక్కడ గౌరవ బిరుదులు. మనకు అలవాటే కదా అని ఎవర్నిబడితే వాళ్లను అలా పిలవకండి, ఏమని పిలవాలో అడగండి.

6. తేదీలు తెలుసుకోండి. రికన్సిలియేషన్ వారం మే 27 నుంచి జూన్ 3 దాకా. మొదటి రోజు, అబోరిజినల్ ప్రజలను జనాభా లెక్కల్లో చేర్చడానికి ఓటేసిన 1967 రెఫరెండం జరిగిన రోజు; చివరి రోజు, మూలవాసుల భూమి హక్కును హైకోర్టు గుర్తించిన 1992 మాబో తీర్పు రోజు. ఆగస్టు 4 అబోరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ద్వీపవాసుల పిల్లల దినోత్సవం. జనవరి 26 మనకు రిపబ్లిక్ డే, ఇక్కడ ఆస్ట్రేలియా డే. 1788లో బ్రిటిష్‌వాళ్లు సిడ్నీ కోవ్‌లో జెండా పాతిన రోజది, చాలామంది మూలవాసులకు సంతాప దినం. ఆ వారం సెంటర్లో చిన్న జెండాలు పంచే ముందు డైరెక్టర్‌తో ఒక మాట మాట్లాడండి.

7. రాతపూర్వక ప్రణాళిక చివర్లో. రికన్సిలియేషన్ ఆస్ట్రేలియా సంస్థకు ‘నరగున్నవలి’ అనే ఆన్‌లైన్ వేదిక ఉంది. బడులు, చైల్డ్‌కేర్ సెంటర్లు అందులో తమ యాక్షన్ ప్లాన్ తయారుచేసుకోవచ్చు. ఆ ప్లాన్ తయారుచేసే వర్కింగ్ గ్రూపులో వంటమనిషి, తల్లిదండ్రులు కూడా ఉంటే మంచిది. ప్రతి పనికీ ఒకరి పేరు, ఒక గడువు రాయండి. ఆ పేరున్న మనిషి ఉద్యోగం మారితే పని ఎవరికి అప్పగించాలో కూడా అందులోనే రాసిపెట్టండి, ఈ రంగంలో మనుషులు తరచూ మారుతుంటారు.